బో సరస్సు ఒడ్డున సింప్సన్ కుటుంబం

కెనడాలోని ఆల్బర్టా రాష్ట్రంలో లేక్ లూయీజ్ ఊరు దాటి జాస్పర్ వైపు కారులో బయల్దేరితే అరగంటలో ఎడమచేతి వైపు బో సరస్సు వస్తుంది. ఒడ్డున ఎర్రకప్పుతో పెద్ద దుంగల భవనం ఉంటుంది. కాల్గరీ, ఎడ్మంటన్‌లలో స్థిరపడ్డ తెలుగువాళ్లు ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే తిప్పి చూపించే దారి ఇది. ఫొటోలు దిగడానికి అందరూ ఆగుతారు. ఆ భవనాన్ని లేపినవాడు జిమ్మీ సింప్సన్ (1877–1972). యాత్రికులకు దారి చూపాడు, వేట ఆడించాడు, చలికాలంలో ఉచ్చులు పెట్టి బొచ్చుతోళ్లు అమ్మాడు. అన్నిటికన్నా ముందు వంటవాడిగా పనిచేశాడు. ఆయన భార్య బిల్లీ, కూతుళ్లు మార్గరెట్, మేరీ, కొడుకు జిమ్మీ జూనియర్‌లను కలిపి చూస్తే రాకీ పర్వతాల్లో విడిది వ్యాపారం ఎలా పుట్టిందో, ఎవరి చేతుల మీదుగా నడిచిందో తెలుస్తుంది.

సింప్సన్ గురించి చెప్పేవాళ్లు ఆయన్ని ఒంటరి వీరుడిగా నిలబెడతారు. అడవి, మంచు, గుర్రం, మొండి మనిషి: వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ మనిషి వెనక ఒక రైల్వే కంపెనీ డబ్బు ఉంది, తరతరాలుగా నకోడా ఆదివాసులు నడిచిన బాటలు ఉన్నాయి, వచ్చినవాళ్ల ఆకలి కనిపెట్టుకుని ఉండే ఒక ఇల్లాలు ఉంది. వాటిని పక్కన పెడితే కథలో సగమే మిగులుతుంది.

రైలు తెచ్చిన అతిథులు

కెనడియన్ పసిఫిక్ రైలుమార్గం 1885 నవంబరులో పూర్తయింది. ప్రెయిరీ మైదానాల మీదుగా పసిఫిక్ తీరానికి పట్టాలు పడ్డాయి గానీ రాకీ పర్వతాల మధ్య టికెట్టు కొనేవాడెవడు? అక్కడ ఊళ్లూ లేవు, పంటలూ లేవు. రైల్వే కంపెనీ కొండల అందాన్నే సరుకుగా మార్చింది. 1883లో ముగ్గురు రైల్వే కూలీలు గుర్తించిన వేడినీటి బుగ్గల చుట్టూ 1885లో ప్రభుత్వం కొంత భూమిని రిజర్వు చేసింది. 1887లో అది రాకీ మౌంటెన్స్ పార్కు అయింది, ఇప్పుడు దాన్ని బాన్ఫ్ జాతీయ పార్కు అంటారు. 1888లో బాన్ఫ్ స్ప్రింగ్స్ హోటల్ తలుపులు తెరిచింది. ఇంగ్లండు, అమెరికాల నుంచి డబ్బున్నవాళ్లు దిగసాగారు. హోటల్ వరాండాలో కూర్చుని కొండలు చూసి విసుగెత్తినవాళ్లకు ఆ కొండల వెనక ఏముందో చూడాలనిపించింది. వాళ్లను తీసుకెళ్లడానికి గుర్రాలు, గుడారాలు, వంటవాళ్లు కావాలి. ఇవన్నీ సమకూర్చేవాళ్లను అక్కడ అవుట్‌ఫిటర్లు అంటారు.

ఈ వృత్తిలో ముందువరసలో ఉన్నవాడు టామ్ విల్సన్. రైల్వే సర్వేలో సామాన్లు మోసిన మనిషి. 1882లో లేక్ లూయీజ్‌ను చూసిన తొలి శ్వేతజాతీయుడిగా ఆయన పేరు పుస్తకాలకెక్కింది. ఆ సరస్సు దగ్గరికి ఆయన్ని వెంటబెట్టుకెళ్లింది ఒక స్టోనీ నకోడా మనిషి, ఎడ్విన్ హంటర్. చాలాకాలం కథ చెప్పినవాళ్లు హంటర్‌ను 'ఒక గైడు' అన్న రెండు మాటలతో దాటేశారు.

ఇలాంటిదే ఇంకో సంగతి. ఫిలడెల్ఫియా నుంచి వచ్చిన మేరీ షేఫర్ అనే మహిళ 1907 వేసవిలో ఒక పెద్ద సరస్సు కోసం వెతికి దొరక్క వెనుదిరిగింది. శాంప్సన్ బీవర్ అనే నకోడా వేటగాడు ఆమెకు ఒక కాగితం మీద దారి గీసిచ్చాడు. చిన్నతనంలో తండ్రితో వెళ్లి చూసిన చోటు అది, ఆ జ్ఞాపకంతోనే గీశాడు. మరుసటి ఏడు, 1908లో, ఆ పటం పట్టుకునే ఆమె బృందం మలీన్ సరస్సు చేరింది. శాంప్సన్, భార్య లియా, వాళ్ల చిన్నపాప కలిసి ఉన్న ఫొటోను షేఫర్ తీసింది. రాకీల చరిత్ర రాసే చాలా పుస్తకాల్లో ఆ ఫొటో ఉంటుంది.

నకోడాలు బ్రిటిష్ రాణి ప్రభుత్వంతో ఏడో నంబరు ఒప్పందం మీద సంతకాలు చేసింది 1877 సెప్టెంబరులో. జిమ్మీ సింప్సన్ ఇంగ్లండులో పుట్టింది అంతకు ఒక నెల ముందు. ఒకరికి కొండల మీద హక్కులు కుంచించుకుపోవడం, ఇంకొకరికి అవే కొండల్లో బతుకుతెరువు దొరకడం ఒకే కాలంలో జరిగాయి.

స్టామ్‌ఫర్డ్ కుర్రాడు

జిమ్మీ లింకన్‌షైర్‌లోని స్టామ్‌ఫర్డ్‌లో పుట్టాడు. కుదురులేని పిల్లాడు. 1896లో ఇంటివాళ్లు కెనడా పంపేశారు. విన్నిపెగ్ దగ్గర వ్యవసాయం చేసుకుని బాగుపడతాడని వాళ్ల ఆశ. పొలం మొహం చూడగానే ఈ పని తనది కాదని తేల్చుకున్నాడు. చేతిలో డబ్బు ఖర్చయిపోయాక టికెట్టు లేకుండా పడమటి రైలెక్కాడు, కొండల్లోకి వచ్చాక పట్టుబడి దింపేయించుకున్నాడు. ఇదంతా ఆయనే ముసలితనంలో చెప్పుకున్న కథ. జిమ్మీ కబుర్లు చెప్పడంలో దిట్ట కాబట్టి ఉప్పూకారం కొంచెం ఎక్కువే పడి ఉంటుందనుకోవాలి. కొన్నాళ్లు రైల్వేలో కూలిపని చేసి, తర్వాత టామ్ విల్సన్ దగ్గర చేరాడు. మొదటి ఉద్యోగం వంట. బేకన్, బీన్సు, బానక్ అనే మందపాటి రొట్టె, టీ: ఇదీ మెనూ. గురువు బిల్ పేటో. అతనూ ఇంగ్లండు నుంచి వచ్చినవాడే, తక్కువ మాట్లాడే మనిషి. ఇప్పుడు ప్రతి పర్యాటకుడూ ఎగబడి చూసే నీలి పేటో సరస్సు అతని పేరుమీదిదే.

1898లో ఒక బృందంతో వెళ్తూ బో సరస్సు ఒడ్డున విడిది చేసినప్పుడు, ఎప్పటికైనా ఇక్కడ ఒక గుడిసె వేసుకుంటానని జిమ్మీ అన్నాడట. సముద్రమట్టానికి 1,900 మీటర్ల పైన ఉంటుందా చోటు. ఎదురుగా బో హిమానీనదం, పక్కన క్రోఫుట్ హిమానీనదం. ఈ సరస్సు నుంచి దిగే బో నదే కిందికి పారి కాల్గరీ నగరం మధ్యగా సాగుతుంది. ఆ మాట నిలబెట్టుకోవడానికి ఆయనకు పాతికేళ్లు పట్టింది.

మూట కట్టడం

ఈ పాతికేళ్లలో ఆయన చేసిందేమిటో తెలియాలంటే గుర్రం మీద మూట ఎలా కడతారో చూడాలి. గుర్రం వీపున కలప జీను, దానికి అటూ ఇటూ రెండు పెట్టెలు. రెండిటి బరువూ సమానంగా ఉండాలి. ఒకవైపు పిండి బస్తా ఎక్కువైతే పది మైళ్లకల్లా గుర్రం వీపు పుండవుతుంది. మధ్యలో పరుపులు, గుడారం, వాటిమీద కాన్వాసు గుడ్డ. ఒక్కో గుర్రానికి 70 నుంచి 90 కిలోలు. అప్పుడు ఇద్దరు మనుషులు రెండు పక్కలా నిలబడి ఒకే తాడును ఇటునుంచి అటు, అటునుంచి ఇటు విసురుకుంటూ బిగిస్తారు. చివరికి మూటమీద తాడు వజ్రాకారంలో నిలుస్తుంది. దాన్ని డైమండ్ హిచ్ అంటారు. గుర్రానికీ తెలివి ఉంటుంది, తాడు బిగించే సమయానికి పొట్ట ఉబ్బించి నిలబడుతుంది. తర్వాత గాలి వదిలితే కట్టు వదులైపోతుంది. అందుకని పనివాడు డొక్కకు కాలు తన్నిపెట్టి, అది ఊపిరి వదిలిన క్షణాన ఒక్క గుంజు గుంజుతాడు. ఇరవై గుర్రాలుంటే ఇరవై మూటలు. పొద్దున కట్టాలి, సాయంత్రం విప్పాలి, మర్నాడు మళ్లీ కట్టాలి. దారిలో చిత్తడి నేలలు, కాలిపడిన చెట్లు, ఈదుకుంటూ దాటాల్సిన నదులు. ఇప్పుడు కారులో అరగంటలో అయిపోయే లేక్ లూయీజ్–బో సరస్సు దూరానికి అప్పట్లో రెండు మూడు రోజులు పట్టేది.

పర్వతారోహకులు ఈ పనివాళ్లను నమ్ముకునే శిఖరాలెక్కారు. 1896లో లెఫ్రాయ్ పర్వతం మీద ఫిలిప్ అబట్ అనే అమెరికన్ జారిపడి చనిపోయాక రైల్వే కంపెనీ 1899 నుంచి స్విట్జర్లాండు గైడులను జీతానికి తెచ్చింది. శిఖరం మీద తాడు పట్టుకునేది స్విస్ గైడు. ఆ శిఖరం పాదం దాకా తిండీ గుడారమూ చేర్చేది సింప్సన్ లాంటివాళ్లు. 1923లో జె. మన్రో థారింగ్‌టన్ అనే ఆరోహకుడి బృందానికి గైడు కాన్రాడ్ కెయిన్, అవుట్‌ఫిటర్ సింప్సన్. ఆ యాత్రలో ఆయన మూటల గుర్రాలను ఏకంగా సస్కాచెవాన్ హిమానీనదం మీదుగా నడిపించాడు. మంచుపగుళ్ల మధ్య, డెక్కలున్న జంతువులతో. పర్వతారోహణ పుస్తకాల్లో శిఖరానికి పేజీలు పేజీలు దక్కాయి, ఈ ఫీటుకు దక్కినవి పేరాలు.

చలికాలం యాత్రికులు ఉండరు. అప్పుడు జిమ్మీ మంచుబూట్లు వేసుకుని ఉత్తరాన లోయల్లో ఉచ్చులు పెట్టి మార్టెన్లను పట్టేవాడు. ముంగిసంత ఉండే ఈ జంతువు బొచ్చుకు మంచి ధర పలికేది. మంచుమీద ఆయన వేగం చూసి నకోడాలు ఆయనకు వుల్వరీన్ అనే జంతువు పేరు కలిపి ఒక మారుపేరు పెట్టారు. తర్వాత బో సరస్సు లాడ్జికి పెట్టుకున్న నమ్-టి-జా అన్న పేరు కూడా మార్టెన్‌కు నకోడాలు వాడే మాటే.

వేరే దారిన వెళ్లిన బ్రూస్టర్లు

అదే బాన్ఫ్‌లో ఇంకో కుటుంబం ఇంకోలా ఎదిగింది. జాన్ బ్రూస్టర్ పాలవ్యాపారి, హోటల్‌కు పాలు పోసేవాడు. ఆయన కొడుకులు బిల్, జిమ్ అడవి విద్య నేర్చుకున్నది విలియం ట్విన్ అనే నకోడా మనిషి దగ్గర. 1892లో, ఒకడికి పన్నెండు, ఇంకొకడికి పదేళ్ల వయసులో, హోటల్ అతిథులను చేపలవేటకు తీసుకెళ్లడంతో తమ వ్యాపారం మొదలైందని బ్రూస్టర్ కంపెనీ చెప్పుకునేది. అన్నదమ్ములు రైల్వే హోటళ్లతో ఒప్పందాలు కుదుర్చుకుని గుర్రపుబగ్గీలు, ఆపై మోటారు బస్సులు నడిపారు. ఇంకో సోదరుడు ఫ్రెడ్ జాస్పర్ వెళ్లి అక్కడ గుడారాల విడిదులు, మలీన్ సరస్సు దగ్గర చాలెట్ కట్టాడు. ఇంకొకడు జాక్, హిమానీనదాల మీదుగా జాస్పర్ నుంచి లేక్ లూయీజ్‌కు గుర్రపు యాత్రలు నడిపాడు. 1965లో బ్రూస్టర్ రవాణా కంపెనీని గ్రేహౌండ్ కొనేసింది.

బ్రూస్టర్లు మందిని మోశారు, సింప్సన్ మనుషులను ఎంచుకున్నాడు. హోటల్ గుమ్మం దగ్గర బేరం బ్రూస్టర్లదైపోయాక జిమ్మీకి మిగిలింది ఉత్తరాల ద్వారా వచ్చే డబ్బున్న వేటగాళ్లు, ఏళ్ల తరబడి తిరిగి తిరిగి వచ్చే పాత అతిథులు. ఇది ఆయన గొప్పదనమని కొందరంటారు. నిజానికి గత్యంతరం లేకే ఆ దారి పట్టాడని చెప్పడం సబబు. అయితే పట్టిన దారిలో బాగా రాణించాడు.

వేటకు ఒక చిక్కుండేది. పార్కులో వేట నిషేధం, పార్కు సరిహద్దేమో కదులుతూ ఉండేది. 1902లో దాన్ని 11,000 చదరపు కిలోమీటర్ల పైకి పెంచారు. 1911లో 5,000 లోపుకు కుదించారు. 1917లో మళ్లీ పెంచారు. ఒట్టావాలో ఎవరో పటం మీద గీత జరిపితే ఇక్కడ ఒక గైడు సంవత్సరాదాయం మారిపోయేది. పార్కు చట్టాల దెబ్బ నకోడా వేటగాళ్లకు ఇంకా గట్టిగా తగిలింది. వాళ్లు తిండి కోసం వేటాడిన లోయలే నిషేధిత ప్రాంతాలయ్యాయి. బాన్ఫ్‌లో ఏటా జరిగే 'ఇండియన్ డేస్' ఉత్సవానికి మాత్రం వాళ్లను అలంకరించుకుని రమ్మని పిలిచేవారు.

చిత్రకారుడి బాకీ

1910లో సింప్సన్ చేసిన ఒక పని ఆ వృత్తిలో అరుదైనది. కార్ల్ రంగియస్ అనే చిత్రకారుడు వేసిన కొండగొర్రెల బొమ్మ ఒకటి అచ్చులో చూశాడు. జర్మనీలో పుట్టి న్యూయార్క్‌లో స్థిరపడిన మనిషి రంగియస్. రాకీలకు రండి, నేను తిప్పుతాను, డబ్బు అక్కర్లేదు అని జిమ్మీ ఉత్తరం రాశాడు. రంగియస్ వచ్చాడు. తర్వాత దశాబ్దాల పాటు వస్తూనే ఉన్నాడు. 1921లో బాన్ఫ్‌లోనే స్టూడియో కట్టుకున్నాడు. కూలికి బదులు బొమ్మలు ఇచ్చేవాడు. దుప్పులు, మూస్‌లు, బిగ్‌హార్న్ గొర్రెలు సింప్సన్ ఇంటి గోడలకెక్కాయి. ఉత్తర అమెరికా వన్యప్రాణుల చిత్రకారుల్లో రంగియస్‌ది ఇప్పుడు మొదటి వరస పేరు, కాల్గరీలోని గ్లెన్‌బో మ్యూజియంలో ఆయన బొమ్మల పెద్ద సేకరణ ఉంది.

గొర్రెను తుపాకి గొట్టం వెంట చూసే మనిషికి అదే గొర్రె భుజం మీద ఎండ ఏ రంగులో పడుతుందో చూపించే స్నేహితుడు దొరికాడు. జిమ్మీ స్వయంగా నీటిరంగుల బొమ్మలు వేయడం మొదలుపెట్టాడు. వేటగాళ్ల విడిదిగా మొదలైన చోటు బొమ్మలు వేసేవాళ్ల అడ్డాగా మారడానికి ఈ స్నేహమే కారణం.

ఎనిమిది గోడలు

మొదటి ప్రపంచయుద్ధంతో యాత్రలు ఆగాయి. 1916లో జిమ్మీ స్కాట్లండు నుంచి వచ్చిన విలియమీనా రాస్ రీడ్‌ను పెళ్లాడాడు. అందరూ బిల్లీ అనేవారు. అప్పటికి ఆయన వయసు ముప్పై తొమ్మిదికి దగ్గర. ముగ్గురు పిల్లలు పుట్టారు. నెలల తరబడి అడవిలో తిరిగే మనిషికి ఒకచోట వేరుపెట్టాల్సిన అవసరం ఇప్పుడొచ్చింది. బో సరస్సు ఒడ్డున కొంత నేల లీజుకు సంపాదించి 1920ల తొలినాళ్లలో మొదటి దుంగల కట్టడం వేశాడు.

అది అష్టకోణం. దాని వెనక శిల్పశాస్త్రం ఏమీ లేదు, చెట్ల సమస్య. అంత ఎత్తులో చలికి స్ప్రూస్ చెట్లు పొట్టిగా ఎదుగుతాయి. పొడవైన దుంగ దొరకదు. 4 మీటర్ల దుంగలతో నాలుగు గోడలు కడితే లోపల దక్కేది 16 చదరపు మీటర్లు. అవే దుంగలతో ఎనిమిది గోడలు కడితే దాదాపు 77. బడి మొహం పెద్దగా చూడని పనివాళ్ల లెక్క ఇది, ఇప్పుడు క్షేత్రగణితం పుస్తకం తీసి సరిచూసినా తప్పు దొరకదు. తర్వాత కట్టిన పెద్ద లాడ్జిలోనూ ఈ కోణాల పద్ధతి కనిపిస్తుంది.

పెద్ద లాడ్జికి మూలం రోడ్డు. ఆర్థికమాంద్యం రోజుల్లో, 1931లో, నిరుద్యోగులకు పని చూపించడానికి లేక్ లూయీజ్–జాస్పర్ రోడ్డు మొదలైంది. రెండు కొసల నుంచీ కూలీలు ఎక్కువభాగం పలుగూ పారలతో, గుర్రాలతో తవ్వుకుంటూ వచ్చారు. 230 కిలోమీటర్ల ఆ దారి 1940లో జనానికి తెరుచుకుంది. ఐస్‌ఫీల్డ్స్ పార్క్‌వే అదే. రోడ్డు తన గుమ్మం ముందుకు వస్తోందని తెలిసి సింప్సన్ 1930ల చివర్లో పెద్ద భవనం పనులు ఎత్తుకున్నాడు. 1950 నాటికి అది ఇప్పుడున్న రూపానికి వచ్చింది. అప్పటికి ఆయనకు డెబ్బై దాటాయి. మూటల గుర్రాల వృత్తిని చంపింది ఈ రోడ్డే. అయినా ఆ వృత్తిలో పండిపోయిన మనిషి దాన్ని తిట్టుకుంటూ కూర్చోలేదు, పక్కన హోటల్ కట్టాడు.

ఇల్లూ లాడ్జీ ఒకటే అయినప్పుడు

వచ్చేవాళ్లకు జిమ్మీ కావాలి. పొయ్యి దగ్గర కూర్చుని ఎలుగుబంటి కథలు చెప్పే ముసలాయన కోసమే చాలామంది ఆగేవారు. ఆ కథ జరుగుతున్నంతసేపూ వంటగది నడవాలి, దుప్పట్లు ఉతకాలి, వేసవికి పెట్టుకున్న పనిపిల్లలకు పని చెప్పాలి, ఊరికి దూరంగా ఉన్నచోట సరుకులు అయిపోకుండా చూసుకోవాలి. ఇంటి లాడ్జిల్లో ఈ బరువు ఇంటివాళ్ల మీదే పడుతుంది. పేరు మాత్రం బోర్డు మీద ఒక్కరిదే ఉంటుంది. బ్రూస్టర్ల ఆడపడుచు పెర్ల్, స్కోకీ స్కీ లాడ్జిని 1930ల మొదట్లో భర్త పీటర్‌తో కలిసి నడిపిన చిత్రకారిణి క్యాథరీన్ వైట్: ఆ తరం కొండ కుటుంబాల్లో ఇలాంటి పేర్లు చాలా ఉన్నాయి. వైట్ దంపతులు నెలకొల్పిన వైట్ మ్యూజియం 1968లో బాన్ఫ్‌లో తెరుచుకుంది. ఆ గైడు కుటుంబాల ఉత్తరాలు, ఫొటోలు ఇప్పుడు అక్కడ భద్రంగా ఉన్నాయి కాబట్టే ఆడవాళ్ల సంగతి కూడా కాస్త రాయగలుగుతున్నారు.

సింప్సన్ కూతుళ్లు కొండల్లో ఉండిపోలేదు. బాన్ఫ్ మంచుమీద స్కేటింగ్ నేర్చుకున్న మార్గరెట్, మేరీ జంటగా ప్రదర్శనలిచ్చే వృత్తి కళాకారిణులయ్యారు, ఊరూరా తిరిగారు. మార్గరెట్ చిన్న వయసులోనే చనిపోయింది. లాడ్జి బాధ్యత కొడుకు జిమ్మీ జూనియర్ మీద పడింది. తండ్రి ఉన్నంతకాలం ఆయన 'చిన్న జిమ్మీ'గానే ఉండిపోయాడు. పెద్దాయన 1972 అక్టోబరులో, తొంభై అయిదేళ్ల వయసులో కన్నుమూశాడు. ఆయన పోయాక బో సరస్సుకు దగ్గర్లోని ఒక శిఖరానికి జిమ్మీ సింప్సన్ పర్వతమని పేరుపెట్టారు. బ్రిటిష్ ఆరోహకుల పేర్లు, ఎప్పుడూ అటువైపు రాని సైన్యాధికారుల పేర్లు నిండిన ఆ పటంలో మూటలు కట్టిన మనిషి పేరు చేరడం అరుదు.

కొడుకు లాడ్జిని 1996 దాకా నడిపి అమ్మేశాడు. జాతీయ పార్కులో నేల ఎవరికీ సొంతం కాదు, లీజు మీదే ఉంటుంది. సింప్సన్లు అమ్మింది భవనాన్నీ లీజునూ మాత్రమే. కొత్త యాజమాన్యం రెండు దశాబ్దాల పైన పాత పేరుతోనే నడిపింది. తర్వాత మళ్లీ చేతులు మారి, మరమ్మతులు జరిగి, ఇప్పుడు 'ద లాడ్జ్ ఎట్ బో లేక్' అన్న పేరుతో నడుస్తోంది. బో హిమానీనదం జలపాతానికి వెళ్లే కాలిబాట ఆ భవనం పక్కనుంచే మొదలవుతుంది. వేసవిలో పదింటి తర్వాత వెళ్తే అక్కడ కారు పెట్టుకోవడానికి చోటు దొరకడం కష్టం.